గుండ్రటి బరువు

ఫైనాన్స్ వాళ్లు బండి గుంజుకపోయే ముందటి రాత్రి
కొమ్రేశ్ జాకీ పెట్టి
నాలుగు అలాయ్ చక్రాలు ఊడదీసిండు.
పాత ఇనుప చక్రాలే దానికి బిగించి
వీటిని మా మెట్ల మీద ఒక్కొక్కటిగ మోసుకొచ్చి
"పదిహేడు ఇంచులవి. జాంబాగ్‌ల కొన్న.
నీ బండికి పెట్టుకో" అన్నడు.
తెల్లారి జూబ్లీ బస్టాండ్ల నిజామాబాద్ బస్సెక్కిండు.

పెట్టిన.
మెహిదీపట్నం రైతుబజారు ముందట
పూలమ్మే ఆమె గూడ తలెత్తి చూసింది.
ఎక్కినోళ్లు దిగేటప్పుడు
"బండి మస్తుందన్నా" అని ఐదు చుక్కలిచ్చిపోయిన్రు.

నెల తిరిగినంక డైరీ తీసిన.
లీటరుకు పద్దెనిమిది ఇచ్చే బండి
పదహారు కాడ్నే కూలబడ్డది.
సిగ్నల్ పచ్చబడ్డా లేవదు,
బడికి పొమ్మంటే ముసుగు లాక్కునే పిలగాని తీరు
జర సేపు ఆలోచన చేస్తది.
ఎనుక ఆటో హారన్ నా మెడ మీద.
ఫిల్టర్ మార్చిన. ప్లగ్గులు కడిగిన.
బంకుల పోరని మీద అనుమానపడి
రెండు బంకులు మారిన.
డిక్కీల నీళ్ల క్యాను గూడ ఇంట్ల పెట్టొచ్చిన.

అత్తాపూర్ల పిల్లర్ నూటపదమూడు కింద
మొయినుద్దీన్ చిచ్చా ఇంజను మూత తెరవనే లేదు.
వంగి చక్రం దిక్కు చూసి నవ్విండు.
పక్క తుక్కు దుకాణం నించి కాంటా తెప్పిచ్చిండు.
నా పాత చక్రం, టైరుతోని: పదమూడున్నర కిలోలు.
కొమ్రేశ్‌ది: ఇరవై కిలోల రెండువందలు.

"నాలుగు కలిపినా ఇరవై ఏడు కిలోలు చిచ్చా,
ఎనుక సీట్ల ఒక బడిపిల్ల కూసున్నట్టు. గంతే గద?"

మాట్లాడలే.
సైకిలు చక్రం ఒకటి తెచ్చి
అంచు పొంటి సీసం ముక్కలు కట్టి నా చేతికిచ్చిండు.
తిప్పిన.
అవే ముక్కలు ఇప్పి ఇరుసు కాడ కట్టిండు.
మళ్ల తిప్పిన.
అదే చక్రం. అదే సీసం.
నా మణికట్టుకు మాత్రం సమజైంది.

"సీట్ల కూసున్న బరువు ఒక్క కిరాయే అడుగుతది బేటా,
మోసుకపొమ్మని.
అంచుల కూసున్నది రెండు అడుగుతది,
మోయమని, తిప్పమని.
నువ్వు బ్రేకు తొక్కితివా,
తిప్పిన ఖర్చంత ఏడయి గాలిల కలిసె.
పైంగ వెడల్పు టైరు, రోడ్డును ఇడవదు.
అవుటర్ మీద ఒక్క తీరుగ ఉరికెటోనికి
తిప్పుడు ఖర్చు ఒక్కపారే.
నువ్వు లకిడీకాపూల్ కెల్లి మాసాబ్‌ట్యాంక్ దాక
ఎన్నిసార్లు ఆగుతవో లెక్కవెట్టు."

పొద్దుగూకంగ లెక్కవెట్టిన.
ఇరవై మూడు సార్లు ఆగిన.
ఇరవై మూడు సార్లు కొమ్రేశ్‌ను
సున్న కాడికెల్లి మళ్ల తిప్పిన.
టోలీచౌకి గుంతలల్ల
స్ప్రింగు ఆపలేని బరువు
నా నడుముల దిగింది.

ఐతారం ఇప్పేసిన.
పాతవి బిగిచ్చిన, మూతలు లేని నల్లటివి.
ఫ్లైఓవర్ ఎక్కుడు మీద
బండి ఊపిరి తీసుకున్నట్టనిపిచ్చింది,
నాకే అనిపిచ్చిందో ఏమో.
డైరీల మాత్రం పదిహేడు పాయింట్ ఏడు.

గా రాత్రే ఫోను జేసిండు.
ఆర్మూర్ల పసుపు గోదాముల మూటలెత్తుతుండంట.
"చక్రాలెట్లున్నయ్‌ర?"
"మస్తున్నయ్" అన్న.
గా అబద్ధానికి పెట్రోలు కాలలే.

చక్రాలు బాల్కనీల ఉన్నయ్.
మూడిటిని ఒకదాని మీద ఒకటి పేర్చి
సుగుణ మీద పలక వేసింది, వడియాలకు.
నాలుగోది గోడకు ఒరిగి నిలబడ్డది.
నా బిడ్డ దాన్ని దొర్లియ్యబోయింది.
కదల్లే.
రెండు చేతులు పెట్టింది, భుజం ఆనిచ్చింది.
"గింత బరువు ఎవలిది నాయినా?" అన్నది.